ప్రాథమిక ఆధారాలు ఎక్కడ, ఎలా వెతకాలి: లైబ్రరీ కేటలాగ్ నుంచి ఆర్కైవ్ పెట్టె దాకా

చరిత్ర మీద ప్రాజెక్టో, థీసిసో, ఓ మంచి వ్యాసమో రాద్దామనుకున్నవాళ్లు సాధారణంగా సెర్చ్ బాక్సులో విషయం పేరు కొట్టి, పక్కన ‘ప్రైమరీ సోర్సెస్’ (ప్రాథమిక ఆధారాలు, అంటే ఆ కాలంలో పుట్టిన కాగితాలు, లేదా స్వయంగా చూసినవాళ్లు చెప్పిన మాటలు) అని చేరుస్తారు. స్కూలు పిల్లల కోసం తయారుచేసిన పేజీలు కొన్ని, వంద చోట్ల తిరిగిన ఫొటోలు కొన్ని వస్తాయి. ఇక ‘నా టాపిక్ మీద ఆధారాలే లేవేమో’ అన్న టెన్షన్ మొదలవుతుంది.

ఆధారాలు చాలావరకు ఉంటాయి. చిక్కంతా అడిగే తీరులోనే ఉంది. వందేళ్ల కిందట ఉత్తరం రాసిన నర్సు దాని మీద ‘ఇది ప్రాథమిక ఆధారం’ అని రాసిపెట్టలేదు కదా. ఆ ఉత్తరం ఆమె పేరు మీదో, పనిచేసిన ఆసుపత్రి పేరు మీదో, అందుకున్నవాళ్ల కుటుంబం పేరు మీదో ఏదో ఒక అరలో ఉంటుంది. అందుకే ‘ఏం జరిగింది’ దగ్గర ఆగిపోకుండా ‘దీన్ని అప్పట్లో ఎవరు కాగితం మీద పెట్టి ఉంటారు, ఆ కాగితం ఎవరి చేతికి పోయి ఉంటుంది’ అని ఆలోచించాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ప్రశ్నలోంచి పుట్టుకొచ్చినవే.

ఉదాహరణకు ఒకే సంఘటనను చివరిదాకా పట్టుకుందాం. 1918 నవంబర్ 7న టలూన్ అనే ఓడ న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి పసిఫిక్ మహాసముద్రంలోని పశ్చిమ సమోవా దీవుల రేవు ఆపియాకు వచ్చింది. ఓడలో ఇన్‌ఫ్లుయెంజా సోకినవాళ్లున్నారు. అయినా ప్రయాణికులను దిగనిచ్చారు. కొద్ది వారాల్లోనే ఆ దీవుల జనాభాలో సుమారు ఐదో వంతు మంది చనిపోయారు. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాలో గట్టి క్వారంటైన్ పెట్టారు, అక్కడ ఆ మహమ్మారికి ఎవరూ బలికాలేదు. చిన్న దీవుల కథే అయినా దీని కాగితాలు మూడు నాలుగు దేశాల్లో చెదిరిపోయి ఉన్నాయి. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తెచ్చుకోండి

‘1918 ఫ్లూ’ అనేది టాపిక్ పేరు మాత్రమే. దాంతో కేటలాగ్‌లోకి వెళ్తే వేల ఫలితాలు మీద పడతాయి. ‘1918 నవంబర్‌లో ఆపియా అధికారులు టలూన్ ఓడను క్వారంటైన్‌లో ఎందుకు పెట్టలేదు?’ అని రాసుకుంటే అందులోనే వెతకాల్సిన మాటలు బయటపడతాయి: ఊరి పేరు, ఓడ పేరు, నెల, ఒక ప్రభుత్వ యంత్రాంగం. ఒక కాగితం తీసుకుని మనుషులు, చోట్లు, సంస్థలు, తేదీలు అని నాలుగు గళ్లు గీసుకోండి. వెతుకుతున్నకొద్దీ అవి నిండుతాయి. మొదటి రోజు ఖాళీగా ఉన్నా దిగులక్కర్లేదు.

ఏది ప్రాథమికం అన్నది కూడా ప్రశ్నను బట్టే తేలుతుంది. 1930 నాటి స్కూలు చరిత్ర పుస్తకం 1918లో ఏం జరిగిందో చెప్పడానికి ద్వితీయ ఆధారం, అంటే ఇతర ఆధారాలు చూసి తర్వాత రాసినది. 1930లో పిల్లలకు ఏం నేర్పేవాళ్లు అన్నది మీ ప్రశ్న అయితే అదే పుస్తకం ప్రాథమిక ఆధారం. నలభై ఏళ్ల తర్వాత రాసుకున్న జ్ఞాపకాలు కూడా ప్రాథమిక ఆధారాల్లోకే వస్తాయి. కాకపోతే ఆ నలభై ఏళ్లలో మనిషి మనసులో మారిపోయినదంతా కూడా ఆ పుస్తకంలో ఉంటుంది.

2. ఎవరు రాసి ఉంటారో ముందే ఊహించండి

సెర్చ్ బాక్స్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

టలూన్ సంగతే చూడండి. ఓడ యూనియన్ స్టీమ్‌షిప్ కంపెనీది, కాబట్టి కంపెనీ కాగితాలు ఒకవైపు. 1914 ఆగస్టులో జర్మనీ చేతిలోంచి పశ్చిమ సమోవాను న్యూజిలాండ్ సేనలు స్వాధీనం చేసుకున్నాయి. 1918లో అక్కడ పాలన కల్నల్ రాబర్ట్ లోగన్‌ది, ఆయన పైవాళ్లు వెల్లింగ్టన్‌లో ఉన్నారు. అంటే ప్రభుత్వ ఉత్తరప్రత్యుత్తరాలు న్యూజిలాండ్‌లో వెతకాలి. అమెరికన్ సమోవా అమెరికా నౌకాదళం పాలనలో ఉండేది, గవర్నర్ జాన్ పోయర్. ఆ ప్రభుత్వ రికార్డులు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 284 కింద ఉన్నాయి. దీవుల్లో లండన్ మిషనరీ సొసైటీ పనిచేసేది, మిషనరీలు హెడ్డాఫీసుకు ఉత్తరాలు రాసేవాళ్లు. ఆ సొసైటీ పత్రాలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ లైబ్రరీలో ఉన్నాయి. 1919లో న్యూజిలాండ్ ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదిక ఉంది. వీటికి తోడు పత్రికలు.

ఇంకా ఒక్క కేటలాగ్ కూడా తెరవలేదు, అప్పుడే నాలుగైదు దారులు కనిపించాయి.

ఉత్తరాల విషయంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. ఉత్తరం రాసినవాళ్ల దగ్గర ఉండదు, అందుకున్నవాళ్ల దగ్గర ఉంటుంది. లోగన్ వెల్లింగ్టన్‌కు ఏం రాశాడో తెలియాలంటే వెల్లింగ్టన్‌లో దాన్ని అందుకున్న శాఖ ఫైళ్లు చూడాలి. రాసినవాళ్ల వైపు ఉంటే నకళ్ల పుస్తకం ఉంటుంది, అది కూడా అదృష్టం బాగుంటేనే.

మరి సమోవన్ల మాటేమిటి? వాళ్ల గొంతు ఎక్కువగా ఇతరుల కాగితాల్లో వినిపిస్తుంది: విచారణలో ఇచ్చిన సాక్ష్యాలు, ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీలు, చర్చి రిజిస్టర్లు, తర్వాతి కాలంలో రికార్డు చేసిన మౌఖిక చరిత్రలు. ఏ దేశంలోనైనా పేదలు, ఆడవాళ్లు, వలసపాలన కింద బతికినవాళ్ల గురించి వెతికేటప్పుడు కోర్టు, పోలీసు, ఆసుపత్రి రికార్డుల వైపు మళ్లాల్సి వచ్చేది ఇందుకే. ఆ మాటలు అనువాదకుడి నోటి గుండా, గుమాస్తా కలం గుండా వచ్చాయన్న ఎరుకతో చదవాలి.

3. ఫుట్‌నోట్లు పట్టుకుని వెనక్కి నడవండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే దగ్గరి దారి ఇదే. మీ విషయం మీద పరిశోధకులు రాసిన మంచి పుస్తకాలో వ్యాసాలో రెండు మూడు తీసుకోండి. అసలు పాఠం కంటే ముందు వెనక పేజీలు తిప్పండి. చాలా పుస్తకాల్లో గ్రంథసూచిని అప్రచురిత పత్రాలు, అచ్చయిన ప్రాథమిక ఆధారాలు, ద్వితీయ గ్రంథాలు అని విడదీసి ఇస్తారు. మొదటి రెండూ మీకోసం ఎవరో ఏళ్ల తరబడి తిరిగి తయారుచేసి పెట్టిన జాబితాలే.

ఫుట్‌నోట్‌లో సంకేతాలు చూసి బెదరక్కర్లేదు. ‘ఎ.జె.హెచ్.ఆర్., 1919, హెచ్-31సి’ అని కనిపించిందనుకోండి. మొదటి నాలుగు అక్షరాలు న్యూజిలాండ్ ప్రతినిధుల సభ జర్నళ్ల అనుబంధాన్ని సూచిస్తాయి, అంటే సభ ముందుంచిన అధికారిక నివేదికల సంపుటాలు. 1919 ఆ ఏడాది. హెచ్ అనేది వర్గం, 31సి ఆ వర్గంలో పత్రం నంబరు. సమోవా మహమ్మారి విచారణ సంఘం నివేదిక సరిగ్గా ఇదే. అలాగే ‘డబ్ల్యూఓ 95’ అంటే బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో యుద్ధ శాఖ దాచిన మొదటి ప్రపంచయుద్ధ సైనిక దళాల డైరీల శ్రేణి. పుస్తకం మొదట్లో ‘సంక్షిప్త రూపాలు’ అని ఒక పేజీ ఉంటుంది, ముందు దాన్ని ఫొటో తీసుకోండి.

విచారణ సంఘాల విషయంలో ఇంకో కిటుకు ఉంది. అచ్చయ్యేది తరచూ నివేదిక మాత్రమే. సాక్షుల వాంగ్మూలాలు, వచ్చిన ఉత్తరాలు, ముసాయిదాలు ఫైళ్లలోనే ఉండిపోతాయి. నివేదిక దొరికితే ఆ ఫైళ్ల కోసం రెండో వేట మొదలుపెట్టాలి, అసలైన సరుకు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

4. కేటలాగ్‌తో దాని భాషలో మాట్లాడండి

లైబ్రరీ కేటలాగ్ పుస్తకం లోపలికి వెళ్లి చదవదు. దాని గురించి కేటలాగర్ రాసిపెట్టిన చిన్న రికార్డును మాత్రమే చదువుతుంది: శీర్షిక, రచయిత, ప్రచురణ వివరాలు, సబ్జెక్ట్ హెడింగులు (పుస్తకం దేని గురించో చెప్పే స్థిరమైన పేర్లు), ఒకటి రెండు గమనికలు. మీ మాట ఆ కొద్ది వరుసల్లో లేకపోతే, పుస్తకం నిండా అదే ఉన్నా ఫలితాల్లోకి రాదు.

కాబట్టి కీవర్డ్‌తో మొదలుపెట్టి సబ్జెక్ట్ హెడింగ్‌కు మారాలి. ముందు ‘ఇన్‌ఫ్లుయెంజా’, ‘సమోవా’ అని మామూలుగా కొట్టండి. వచ్చినవాటిలో మీ విషయానికి దగ్గరగా ఉన్న ఒక్క పుస్తకం రికార్డు పూర్తిగా తెరవండి. కింద సబ్జెక్టుల దగ్గర ‘ఇన్‌ఫ్లుయెంజా ఎపిడెమిక్, 1918-1919’ అని లింకు కనిపిస్తుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ స్థిరపరచిన పేరు అది, ప్రపంచంలో ఎన్నో లైబ్రరీలు ఆ పట్టికనే వాడతాయి. లింకు నొక్కితే శీర్షికలో ‘ఫ్లూ’ అన్న మాటే లేని పుస్తకాలు కూడా వరుసగా బయటికొస్తాయి.

అసలు మేలు హెడింగ్ తర్వాత వచ్చే ఉపశీర్షికల్లో ఉంది. ‘సోర్సెస్’ అని ఉంటే అది మూలపత్రాల సంకలనం. ‘కరస్పాండెన్స్’ అంటే ఉత్తరాలు, ‘డైరీస్’ అంటే దినచర్యలు. ‘పర్సనల్ నేరేటివ్స్’ అంటే యుద్ధంలోనో విపత్తులోనో ఉన్నవాళ్లు స్వయంగా చెప్పుకున్న కథనాలు. ‘ఇంటర్వ్యూస్’, ‘పిక్టోరియల్ వర్క్స్’, ‘మ్యాప్స్’, ‘స్టాటిస్టిక్స్’ పేర్లతోనే అర్థమవుతాయి. ‘ఎర్లీ వర్క్స్ టు 1800’ అన్నది పాత అచ్చు పుస్తకాలను ఏరిపెడుతుంది. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో మొదటి గడికి విషయం, రెండో గడికి వీటిలో ఒకటి ఇచ్చి, రెండు చోట్లా ‘సబ్జెక్ట్’ ఎంచుకోండి. ఊరికే ‘ప్రైమరీ సోర్సెస్’ అని కొట్టడానికీ దీనికీ ఫలితాల్లో తేడా మొదటి పేజీలోనే కనిపిస్తుంది.

హెడింగులు కాలంతో మారతాయి. ఇప్పుడు ‘వరల్డ్ వార్, 1914-1918’ అంటున్నదాన్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చాలాకాలం ‘యూరోపియన్ వార్, 1914-1918’ అనే రాసింది. కంప్యూటర్‌లోకి ఎక్కని పాత కార్డులు, అచ్చు కేటలాగులు చూస్తే ఆ పేరుతోనే వెతకాలి. చోట్ల పేర్లదీ ఇదే వరస. మన దీవులు ఒకప్పుడు యూరోపియన్ల పటాల్లో నావిగేటర్స్ ఐలాండ్స్, తర్వాత జర్మన్ సమోవా, ఆపైన వెస్టర్న్ సమోవా, 1997 నుంచి ఉత్త సమోవా. రష్యా ఒకప్పటి రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ 1914లో పెట్రోగ్రాడ్, 1924లో లెనిన్‌గ్రాడ్, ఇప్పుడు మళ్లీ సెయింట్ పీటర్స్‌బర్గ్. మీ చోటికి ఎన్ని పేర్లున్నాయో అన్నీ మీ నాలుగు గళ్ల కాగితంలో రాసుకోండి.

రచయిత గడి విషయంలో చాలామందికి తట్టని సంగతి: ప్రభుత్వ శాఖ, విచారణ సంఘం, ఆసుపత్రి, కంపెనీ, చర్చి కూడా కేటలాగ్ దృష్టిలో రచయితలే. సబ్జెక్టులో దొరకని వార్షిక నివేదికలు శాఖ పేరును రచయితగా ఇచ్చి వెతికితే బయటపడతాయి. మనిషి విషయంలోనూ అంతే. ఆయన గురించి రాసినవి సబ్జెక్టులో ఉంటాయి, ఆయన రాసినవి రచయిత గడిలో ఉంటాయి. మీకు కావాల్సినవి ముందుగా రెండోవి.

తేదీ ఫిల్టర్‌ను పూర్తిగా నమ్మకండి. ప్రచురణ సంవత్సరం 1918 నుంచి 1925 అని పెడితే అప్పట్లో అచ్చయినవి వస్తాయి, బాగానే ఉంటుంది. కానీ 1918లో రాసుకున్న డైరీని 1990లో అచ్చేస్తే కేటలాగ్‌లో 1990 అనే ఉంటుంది. కాబట్టి ఒకసారి ఫిల్టర్‌తో, ఒకసారి లేకుండా ‘సోర్సెస్’, ‘డైరీస్’ లాంటి ఉపశీర్షికలతో వెతకాలి.

5. ఒక లైబ్రరీ గోడలు దాటడం

మీ లైబ్రరీలో లేదంటే లోకంలో లేదని కాదు. వరల్డ్‌క్యాట్ వేలాది లైబ్రరీల ఉమ్మడి కేటలాగ్, ఓసీఎల్‌సీ అనే సంస్థ నడుపుతుంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. కార్ల్స్‌రూయె వర్చువల్ కేటలాగ్ ఒకే సెర్చ్‌ను అనేక దేశాల కేటలాగులకు ఒకేసారి పంపిస్తుంది, యూరప్ పుస్తకాలకు బాగా పనికొస్తుంది. పుస్తకం దూరంగా ఉంటే ఇంటర్‌లైబ్రరీ లోన్ అడగండి, అంటే మీ లైబ్రరీ ద్వారా వేరే లైబ్రరీ నుంచి అప్పు తెప్పించుకోవడం. అరుదైనవి ఇవ్వకపోయినా కొన్ని పేజీల స్కాన్ పంపే లైబ్రరీలు చాలా ఉన్నాయి. రికార్డులో ‘మైక్రోఫిల్మ్’ (పేజీలను చిన్నవిగా ఫొటో తీసిన ఫిల్మ్ చుట్ట) అని ఉంటే మొహం చిట్లించుకోకండి, అసలు పత్రాన్ని ఇవ్వనివాళ్లు ఫిల్మ్ మాత్రం అప్పివ్వొచ్చు.

6. ఆర్కైవ్స్ లెక్క వేరు

లైబ్రరీలో పుస్తకాలు విషయాన్ని బట్టి అరల్లోకి చేరతాయి. ఆర్కైవ్స్‌లో కాగితాలు తమను పుట్టించిన మనిషి లేదా సంస్థ పేరు కింద, వీలైనంతవరకు వాళ్లు ఉంచుకున్న వరుసలోనే ఉంటాయి. ఆరోగ్య శాఖ కాగితాలు ఆరోగ్య శాఖ కిందే, నౌకాశాఖవి నౌకాశాఖ కిందే. రెండింట్లోనూ టలూన్ ప్రస్తావన ఉన్నా ‘టలూన్’ అని వాటిని ఒక చోట చేర్చే నాథుడు ఉండడు. రెండో మెట్టులో ఎవరు రాశారో ఊహించమన్నది ఇందుకే.

రెండో తేడా వివరాల లోతు. పుస్తకానికి ఒక రికార్డు ఉంటుంది. ఆర్కైవ్స్‌లో ఒక్కోసారి ఇరవై పెట్టెలకు కలిపి ఒకే పేరా ఉంటుంది. ఆ పేరాను విడమరిచి చెప్పే పత్రమే ఫైండింగ్ ఎయిడ్. దాన్ని ఎలా చదవాలో చూద్దాం. ఒక ఊహాజనిత ఉదాహరణ ఇది: ‘రేవు వైద్యాధికారి పత్రాలు, 1909-1924. 6 పెట్టెలు. శ్రేణి 1: బయటినుంచి వచ్చిన ఉత్తరాలు, తేదీల వరుసలో. శ్రేణి 2: ఓడల తనిఖీ రిజిస్టర్లు, 1911-1917, 1919-1923. శ్రేణి 3: ఇతరాలు. శ్రేణి 1లోని కొన్ని ఫైళ్లు చూడటానికి అనుమతి కావాలి.’

మొదటి చూపులో ఇందులో ఫ్లూ ఊసే లేదు, కీవర్డ్‌తో వెతికితే ఇది దొరకదు. కానీ తేదీలు 1918ని కలుపుకుంటున్నాయి, పదవి సరిగ్గా మనక్కావలసినది. ఉత్తరాలు తేదీల వరుసలో ఉన్నాయి కాబట్టి 1918 అక్టోబర్, నవంబర్ ఉన్న పెట్టె అడిగితే సరిపోతుంది. రిజిస్టర్లలో 1918 లేదు, అది పోయిందా, విచారణ సంఘం తెప్పించుకుని తిరిగి ఇవ్వలేదా అని ఆర్కివిస్ట్‌ను అడగాలి. ‘ఇతరాలు’ అన్న మాట చూస్తే నాకైతే ఆశ పుడుతుంది, ఎవరూ సరిగ్గా చూడని కాగితాలు అందులోనే పడుంటాయి. అనుమతి సంగతి ప్రయాణం పెట్టుకోకముందే తేల్చుకోవాలి.

ఆర్కైవ్స్‌ను వెతకడానికి ఒకే పెద్ద తలుపు లేదు. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల డిస్కవరీ కేటలాగ్‌లో సొంత రికార్డులతో పాటు ఆ దేశంలోని ఇతర ఆర్కైవ్స్ వివరాలూ ఉన్నాయి. అక్కడి విశ్వవిద్యాలయాల సేకరణలకు ఆర్కైవ్స్ హబ్, యూరప్ దేశాలకు ఆర్కైవ్స్ పోర్టల్ యూరప్, భారత జాతీయ అభిలేఖాగారానికి అభిలేఖ్ పటల్ ఉన్నాయి. అభిలేఖ్ పటల్‌లో చాలా ఫైళ్ల స్కాన్లు నేరుగా చదవొచ్చు.

అసలు కాగితం బతికి ఉందా అన్నది ముందే కనుక్కుంటే వారాలు మిగులుతాయి. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సైనికుల సర్వీసు రికార్డుల్లో అధికభాగం 1940 నాటి బాంబుదాడిలో కాలిపోయాయి. అమెరికా సైన్యం నుంచి 1912-1960 మధ్య విడుదలైనవాళ్ల ఫైళ్లలో సుమారు 80 శాతం 1973లో సెయింట్ లూయిస్ అగ్నిప్రమాదంలో పోయాయి. అలాంటప్పుడు వెనుదిరగకుండా పక్కదారి పట్టాలి: పింఛను ఫైళ్లు, ఆసుపత్రి రిజిస్టర్లు, దళం డైరీలు. కొన్ని ఉన్నా తెరవరు. అమెరికా జనగణన పత్రాలను 72 ఏళ్ల తర్వాతే విడుదల చేస్తుంది, 1950 నాటివి 2022లో వచ్చాయి. ఇంగ్లాండ్, వేల్స్‌లలో గడువు నూరేళ్లు, 1921 నాటివి బయటికొచ్చింది కూడా 2022లోనే.

7. పూర్తి పాఠం వెతికే డేటాబేస్‌లు

ఇక్కడ కేటలాగ్ సూత్రం తలకిందులవుతుంది. పాత పత్రికలు, పుస్తకాల స్కాన్లను యంత్రం చదివి అక్షరాలుగా మార్చిన పాఠంలోకి మీ సెర్చ్ వెళ్తుంది. కేటలాగర్ మాటలు ఇక్కడ పనికిరావు, ఆ కాలం మనుషుల మాటలే కావాలి.

1918 పత్రికలో ‘మొదటి ప్రపంచయుద్ధం’ అని కొడితే ఏమొస్తుంది? రెండోది రాకముందు దాన్ని మొదటిదని ఎవరంటారు. అప్పటి మాట ‘గ్రేట్ వార్’. అలాగే ఆ వైరస్‌కు ఇప్పటి పేరైన ‘హెచ్1ఎన్1’ పనిచేయదు. మనుషుల్లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను వేరుచేసింది 1933లో. 1918 డాక్టర్లలో చాలామంది ‘ఫైఫర్ బాసిలస్’ అనే బాక్టీరియాను కారణంగా భావించారు, వైద్య పత్రికల్లో ఆ మాటతో వెతికితే చర్చంతా దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో ‘న్యుమోనిక్ ఇన్‌ఫ్లుయెంజా’, ఫ్రెంచ్‌లో ‘గ్రిప్’. మరణ రిజిస్టర్లలో చాలాచోట్ల ‘న్యుమోనియా’ అని మాత్రమే ఉంటుంది. ఏ మాట వాడాలో తెలియకపోతే ఆ నెల పత్రిక ఒక సంచిక పూర్తిగా, ప్రకటనలతో సహా చదవండి. మందుల ప్రకటనల్లో జనం నోట నలిగిన పేర్లన్నీ ఉంటాయి.

యంత్రం చదివిన పాఠంలో తప్పులు మామూలే. పాత పత్రికల కాలమ్‌లు ఇరుకు, మాటలు వరుస చివర విరుగుతాయి. ‘ఇన్‌ఫ్లు’ ఒక వరుసలో, ‘ఎంజా’ కింది వరుసలో పడితే పూర్తి మాటతో చేసిన సెర్చ్‌కు అది చిక్కకపోవచ్చు. సిరా వెనకపేజీ నుంచి కనబడితే, టైపు అరిగితే ఇంకా ఘోరం. 18వ శతాబ్దం ఇంగ్లిష్ అచ్చులో పొడవాటి ‘ఎస్’ అక్షరాన్ని యంత్రం ‘ఎఫ్’ అని చదువుతుంది. అందుకే ఒకే మాట మీద ఆధారపడకుండా ఓడ పేరు, కెప్టెన్ పేరు, రేవు పేరు, ‘క్వారంటైన్’ ఇలా నాలుగు వైపుల నుంచి వల వేయాలి. ఇంత చేసినా దొరకకపోతే సెర్చ్ మానేసి ఆ వారం సంచికలు పేజీ పేజీ తిప్పడమే. విసుగు పుట్టించే పనే, కానీ గట్టి ఫలితం ఇస్తుంది.

ఆపరేటర్లు కొన్ని చాలు. కొటేషన్ గుర్తులు పెడితే మాటలు అదే వరుసలో ఉన్నవే వస్తాయి. ‘ఆర్’ అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాస్తే పర్యాయపదాలన్నీ ఒకేసారి వెతకొచ్చు, ‘యాండ్’ అంటే రెండూ ఉండాలి. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే దాని రూపాలన్నీ వస్తాయి. ‘నాట్’ జోలికి పెద్దగా పోకండి, పనికొచ్చేవాటిని కూడా తుడిచేస్తుంది. ఈ గుర్తులు డేటాబేస్‌ను బట్టి మారతాయి కాబట్టి హెల్ప్ పేజీ ఓసారి చూడండి.

తేదీల విషయంలో సమోవా ఒక తమాషా చేస్తుంది. 1892 నుంచి 2011 దాకా అది అంతర్జాతీయ దినరేఖకు అమెరికా వైపు ఉంది, అంటే న్యూజిలాండ్ కంటే ఒక రోజు వెనక. ఆపియా కాగితంలో 7 అని ఉన్న రోజు ఆక్లాండ్ పత్రికలో 8 కావచ్చు. కేలండర్ మార్చడం వల్ల రష్యాలో 1918 జనవరి 31 తర్వాతి రోజు ఫిబ్రవరి 14, బ్రిటన్ కేలండర్ మార్చుకున్నది 1752లో. తేదీ ఫిల్టర్‌కు ఎప్పుడూ అటూ ఇటూ రెండు వారాలు వదులు ఇవ్వండి.

ఉచితంగా దొరికేవి తక్కువేమీ కాదు. న్యూజిలాండ్ పత్రికలకు పేపర్స్ పాస్ట్ ఉంది, ఆపియా నుంచి వెలువడిన సమోవానిషె జైటుంగ్ అనే పత్రిక కూడా అందులో చదవొచ్చు. ఆస్ట్రేలియాకు ట్రోవ్, అందులో యంత్రం చేసిన తప్పులను పాఠకులే దిద్దుతుంటారు. అమెరికా పత్రికలకు క్రానిక్లింగ్ అమెరికా, ఫ్రాన్స్‌కు గాలికా. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1840 నుంచి పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఉచిత వైద్య వ్యాసాల భాండాగారంలో ఉంది. పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్, హాథీట్రస్ట్. హాథీట్రస్ట్‌లో ఏ పుస్తకం తెరుచుకుంటుందన్నది మీరున్న దేశం కాపీరైట్‌ను బట్టి మారుతుంది, కానీ మూసి ఉన్న పుస్తకంలో కూడా మీ మాట ఏ పేజీలో ఉందో చూపిస్తుంది. ఆ పేజీ నంబర్లతో ఇంటర్‌లైబ్రరీ లోన్ అడిగితే పని సగం అయినట్టే. ప్రోక్వెస్ట్, గేల్ లాంటి చందా డేటాబేస్‌లకు విశ్వవిద్యాలయ లైబ్రరీ గానీ, జాతీయ లైబ్రరీ సభ్యత్వం గానీ దారి. లోపలికి వచ్చి కూర్చుంటే బయటివాళ్లకు కూడా చూపించే లైబ్రరీలున్నాయి, అడగాలి.

వెతికినా ఏమీ రాకపోతే ‘ఆ రోజుల్లో దీని గురించి ఎవరూ రాయలేదు’ అని తేల్చేయకండి. ఆ డేటాబేస్‌లో ఏ పత్రికలు, ఏ ఏళ్లవి ఉన్నాయో జాబితా తెరిచి చూడండి. మీక్కావలసిన నెలే లేకపోవచ్చు. ఉన్నా సెన్సార్ అడ్డుపడి ఉండొచ్చు. యుద్ధంలో ఉన్న దేశాల పత్రికలు ఈ జబ్బు వార్తలను అణిచిపెట్టగా, తటస్థంగా ఉన్న స్పెయిన్ పత్రికలు బాహాటంగా రాశాయి. ‘స్పానిష్ ఫ్లూ’ అన్న పేరు నిలిచిపోవడానికి కారణం అదే.

8. దొరికినదాన్ని నమ్మేముందు

అచ్చయిన డైరీ, ఉత్తరాల సంకలనం చేతికి రాగానే ముందుమాట చదవండి. ఏం వదిలేశారు, ఎవరు అనువదించారు, దేన్ని చూసి అచ్చువేశారు అన్నది అక్కడ ఉండాలి. నాజీల నుంచి దాక్కుని బతికిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ డైరీనే తీసుకోండి. ఆమె మొదట రాసుకున్న రూపం ఒకటి, ప్రచురణను ఊహించుకుని తానే తిరగరాసుకున్నది ఇంకొకటి, ఆ రెండింటి నుంచి తండ్రి కూర్చి 1947లో అచ్చువేయించినది మూడోది. ఏ ప్రతి నుంచి ఉదహరిస్తున్నారన్నది పరిశోధనలో చిన్న విషయం కాదు.

డేటాబేస్‌లో వార్త ముక్క కత్తిరించి చూపిస్తే పూర్తి పేజీ తెరవండి. మొదటి పేజీ పతాక శీర్షికా, లోపలి పేజీలో ధరల పట్టిక పక్కన రెండు వరుసలా అన్నది కూడా ఆధారమే. అప్పట్లో పత్రికలు ఒకరి వార్తను ఒకరు యథాతథంగా వేసుకునేవి, పది పత్రికల్లో కనిపించినా సాక్షి ఒక్కడే కావచ్చు.

9. లెక్క రాసుకోవడం, ఆర్కివిస్ట్‌కు రాయడం, రీడింగ్ రూమ్‌లో కూర్చోవడం

ఏ డేటాబేస్‌లో, ఏ మాటలతో, ఏ ఫిల్టర్లతో, ఏ రోజున వెతికారో ఒక పట్టికలో రాయండి. ఏమీ దొరకని సెర్చ్‌లు కూడా రాయాలి, లేకపోతే రెండు నెలల తర్వాత అదే సెర్చ్ మళ్లీ చేస్తారు. లింకులు మారిపోతాయి కాబట్టి సంస్థ పేరు, సేకరణ, శ్రేణి, పెట్టె, ఫైలు నంబరు తప్పకుండా ఎక్కించండి.

ఆర్కివిస్ట్‌కు ఈమెయిల్ రాసేటప్పుడు ‘సమోవా ఫ్లూ మీద మీ దగ్గర ఏమున్నాయి’ అని అడిగితే ఒక లింకు పంపి ఊరుకుంటారు. ‘మీ ఫైండింగ్ ఎయిడ్ చూశాను. ఈ శ్రేణిలో 1918 అక్టోబర్-డిసెంబర్ ఉత్తరాలు కావాలి. తనిఖీ రిజిస్టర్లలో 1918 కనిపించలేదు, ఇంకెక్కడైనా ఉందా? ఫలానా తేదీల్లో రావాలనుకుంటున్నాను, ఏయే ఫైళ్లకు ముందుగా అనుమతి కావాలి?’ అని రాయండి. హోమ్‌వర్క్ చేసి వచ్చినవాళ్లకు ఆర్కివిస్ట్‌లు కేటలాగ్‌లో లేని సంగతులు కూడా చెబుతారు. పెట్టెలు వేరే గోడౌన్‌లో ఉంటే తెప్పించడానికి రోజులు పట్టొచ్చు, అది కూడా అడగండి.

రీడింగ్ రూమ్‌లో సాధారణంగా పెన్ను కుదరదు, పెన్సిలో లాప్‌టాపో వాడాలి. ఫొటోలకు అనుమతి ఉంటే ముందు పెట్టె మీది చీటీ, తర్వాత ఫైలు అట్ట, ఆ తర్వాతే లోపలి కాగితాలు తీయండి. రెండో ఫైలు తెరిచినప్పుడు మళ్లీ అట్ట నుంచి మొదలు. కాగితం వెనకవైపు కూడా తిప్పి చూడాలి, అందిన తేదీ ముద్ర, ఏ అధికారి ఏం రాశాడన్నది చాలాసార్లు అక్కడే ఉంటాయి. ఫైల్లో కాగితాల వరుస మార్చకండి. సాయంత్రం గదికి రాగానే ఆ రోజు ఫొటోలను ఫైలు నంబరు పేరుతో ఫోల్డర్లలో వేసి, ఇంకో చోట కూడా కాపీ పెట్టుకోండి.